పిల్లి మెడలో గంట సరే, పేరెవరు పెట్టాలి?

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి అని ఎలుకలన్నీ మీటింగు పెట్టుకున్న కథ మనందరికీ తెలిసిందే. ఆ మీటింగులో ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటుంది. ఇంతకీ ఆ పిల్లి పేరేంటి?

నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నా. మన సామెతల్లో పిల్లులకి కొదవ లేదు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి, శాపాలు పెట్టే పిల్లి, కాలు కాలిన పిల్లి, బిచ్చం దొరకని పిల్లి. తెనాలి రామకృష్ణుడు వేడి పాలతో మూతి కాల్చిన పిల్లి సరేసరి. వీటిలో ఒక్కదానికైనా పేరుందా? పల్లెటూళ్లో ఆవుకి గౌరి, లక్ష్మి అని పేర్లుంటాయి. ఎడ్లకి రాముడు, భీముడు. కుక్కకి టామీయో, టైగరో. అదే ఇంట్లో అటక మీద పదేళ్లు కాపురమున్న పిల్లిని మాత్రం జీవితాంతం "పిల్లి" అనే అంటారు.

ఈ మధ్యే మా ఇంటికి ఒక పిల్లికూన వచ్చి చేరింది. స్నూపీ, కిట్టీ, బ్లాకీ లాంటివి కాకుండా ఎవరూ పెట్టని పేరు పెడదామని కూర్చున్నాను. రెండు వారాలు తవ్వితే పేర్ల కన్నా ఎక్కువగా చరిత్ర దొరికింది. ఆ తవ్వకాల్లో బయటపడ్డవే ఈ కబుర్లు.

మనిషికీ పిల్లికీ సావాసం ఈనాటిది కాదు. సైప్రస్ ద్వీపంలో ఒక మనిషి పక్కనే పిల్లినీ పూడ్చిన సమాధి ఒకటి బయటపడింది. దాని వయసు సుమారు 9,500 ఏళ్లని 2004లో ప్రకటించారు. అంత పాత స్నేహం! కానీ పేర్ల కోసం వెతికితే వేల ఏళ్ల పాటు దాదాపు ఏమీ దొరకదు.

మొదట ఈజిప్టుకే వెళ్దాం, ఎందుకంటే పిల్లి అనగానే అందరికీ అదే గుర్తొస్తుంది. అక్కడ పిల్లి దేవత. చచ్చిపోతే మమ్మీ చేసి దాచేవాళ్లు, అదీ లక్షల లెక్కన. మరి ఇంత పూజ చేసినవాళ్లు పేర్లు పెట్టారా అంటే, పిల్లి అనడానికి వాళ్ల మాటే "మియు", మన "మ్యావ్" లాంటిదే. చాలామట్టుకు అదే మాటతో సరిపెట్టారు. ఆనాటి కుక్కల పేర్లు మాత్రం డెబ్బై, ఎనభై దాకా తెలుసు: ధైర్యవంతుడు, నమ్మకస్తుడు, మంచి కాపరి... ఆఖరికి "పనికిమాలినవాడు" అని కూడా ఒకటుంది! పిల్లులకొచ్చేసరికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సుమారు 3,400 ఏళ్ల కిందటి పుయెమ్రె అనే పూజారి సమాధిలో ఒక పిల్లి పేరు "నెజెమ్" అని ఉంది. అంటే తియ్యనిది, హాయైనది అని అర్థం. ఆ తర్వాత మూడో అమెన్‌హోటెప్ పెద్దకొడుకు, యువరాజు తుత్‌మోసు, తన పిల్లి చచ్చిపోతే దానికి సున్నపురాతితో శవపేటిక చెక్కించాడు. ఆ పిల్లి పేరు "త-మియు". గొప్పగా ఉంది కదా? అర్థం "ఆడపిల్లి". అంతే :)

కుక్కలకి అన్ని పేర్లుండి పిల్లులకి ఎందుకు లేవు? నాకు తోచింది ఇదీ. కుక్క పేరు మన భాషలో చెప్పాలంటే ఒక ఫంక్షన్ కాల్ లాంటిది. పిలిస్తే వస్తుంది, కూర్చోమంటే కూర్చుంటుంది. మందలో పది కుక్కలుంటే ఎవర్ని పిలుస్తున్నామో తెలియాలి కాబట్టి పేరు అవసరం. పిల్లికి పని చెప్పేదేముంది? ఎలుకల్ని పట్టమని ఎవరూ చెప్పక్కర్లేదు, వద్దన్నా మానదు. ఇక పిలవడం దేనికి, పేరు దేనికి?

"పిలిచినా పలకదుగా" అంటారేమో. అది మాత్రం నిజం కాదు. జపాన్‌లోని సోఫియా యూనివర్సిటీకి చెందిన సైతో అత్సుకో బృందం 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పెంపుడు పిల్లులు తమ పేరుని మిగతా మాటల నుంచి వేరు చేసి గుర్తుపట్టగలవు. వినపడుతుంది, తెలుస్తుంది. రావాలా వద్దా అన్నది దాని ఇష్టం. మెయిల్ చదివేసి జవాబివ్వని మేనేజరుని ఊహించుకోండి, సరిపోతుంది.

పిలవడానికి అంతగా అక్కరలేని పేరు మరి ఎవరికోసం? చరిత్రలో పేరున్న పిల్లుల్ని ఒక్కొక్కదాన్నీ చూస్తే జవాబు దానంతటదే బయటపడుతుంది.

మన దగ్గర మొదలుపెడదాం. ఇళ్లల్లో పిల్లులకి పేర్లు లేకపోయినా కథల్లో ఉన్నాయి. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకి ఒక పిల్లి కథ చెప్తాడు. దాని పేరు లోమశుడు, ఒళ్లంతా బొచ్చున్నవాడని. వేటగాడి వలలో చిక్కుకుంటే, పలితుడు అనే ఎలుక తన చుట్టూ కాచుకున్న ముంగిసనీ గుడ్లగూబనీ తప్పించుకోడానికి ఆ పిల్లితోనే ఒప్పందం చేసుకుంటుంది. వేటగాడు దగ్గరికొచ్చిన ఆఖరి క్షణంలోనే వల కొరుకుతుంది. తర్వాత పిల్లి "మనం స్నేహితులం కదా, రా" అని పిలిస్తే "అవసరం తీరింది, ఇక నీ దారి నీది" అంటుంది ఎలుక. ఇంకోటి దీర్ఘకర్ణం, పొడవు చెవుల పిల్లి. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) చదివినవాళ్లకి గుర్తుంటుంది. జరద్గవమనే ముసలి గుడ్డి గద్దని వ్రతాల కబుర్లతో నమ్మించి, చెట్టు మీద పక్షిపిల్లల్ని ఒక్కొక్కటే తినేసి, నింద గద్ద మీదకి నెట్టి పోతుంది.

మూడోది నాకు బాగా నచ్చింది. హితోపదేశంలోని దధికర్ణుడు. దధి అంటే పెరుగు, అంటే పెరుగులాంటి తెల్లటి చెవులవాడు. దుర్దాంతుడనే సింహం జూలుని రోజూ ఒక ఎలుక కొరికేస్తుంటే, సింహం ఈ పిల్లిని తెచ్చుకుని మాంసం పెట్టి మేపుతుంది. పిల్లి ఉన్నన్నాళ్లూ ఎలుక కన్నంలోంచి బయటికి రాదు, పిల్లికి మాత్రం రోజూ విందే. ఒకరోజు ఎలుక ఆకలికి తాళలేక బయటికొచ్చింది, దధికర్ణుడు టక్కున చంపేశాడు. ఎలుక అలికిడి ఆగిపోయింది, సింహం మాంసం పెట్టడం మానేసింది. చూశారా, ప్రాజెక్టు పూర్తిగా డెలివర్ చేసి బెంచి మీదకొచ్చిన మొట్టమొదటి ఉద్యోగి దధికర్ణుడే!

ఈ మూడు పేర్లూ రూపాన్ని బట్టి పెట్టినవే. బొచ్చు, చెవులు, చెవి రంగు. కానీ పేరుండటం వల్లే అవి "ఒక పిల్లి" నుంచి "ఆ పిల్లి" అయ్యాయి. తెనాలి రామకృష్ణుడి పిల్లి అంత పేరున్న కథలో ఉండి కూడా ఈ రోజుకీ ఉత్త పిల్లే.

ఇక జపాన్ సంగతి. అక్కడ పేరు అంటే ఏకంగా హోదా. క్రీ.శ. 999లో ఇచిజో చక్రవర్తి అంతఃపురంలో ఒక పిల్లి ఈనితే పురుడు వేడుక చేశారు. సేయ్ షోనగోన్ అనే రాణివాసపు స్త్రీ తన పుస్తకంలో చక్రవర్తి పిల్లి గురించి రాసింది. దాని పేరు "మ్యోబు నో ఒమోతొ". మ్యోబు అనేది అంతఃపుర స్త్రీలకిచ్చే పదవి పేరు. పిల్లికి పదవి, దాన్ని చూసుకోడానికి ఒక దాది కూడా. ఆ పిల్లి మీదకి ఉరికిన పాపానికి ఒకినమారో అనే కుక్కకి దేశబహిష్కారం! కుక్కా పేరున్నదే, కానీ యాక్సెస్ లెవెల్ వేరు మరి.

యూరప్‌కొస్తే, తొమ్మిదో శతాబ్దంలో ఒక ఐరిష్ సన్యాసి తన నోటుపుస్తకంలో లాటిన్ పాఠాల మధ్య తన తెల్లపిల్లి మీద ఒక పద్యం రాసుకున్నాడు. పిల్లి పేరు పాంగుర్ బాన్. ఆ పుస్తకం ఇప్పటికీ ఆస్ట్రియాలోని ఒక మఠంలో భద్రంగా ఉంది. ఆ సన్యాసి పేరేమిటో ఎవరికీ తెలియదు. పిల్లి పేరు మాత్రం పన్నెండు వందల ఏళ్లుగా నిలిచింది. పేరు పెట్టినవాడు పోయాడు, పేరు మిగిలింది.

అందరూ పెట్టే పేరు పెడితే ఏమవుతుందో ఇంగ్లండు చెప్తుంది. ఒకప్పుడు అక్కడ మగపిల్లి అంటే "గిబ్", అది గిల్బర్ట్ అనే పేరుకి ముద్దుపేరు. ఎంతమంది పెట్టారంటే, చివరికి ఆ మాటకే గండుపిల్లి అనే అర్థం వచ్చేసింది. తర్వాత 1760లో ఎవరో పేరు చెప్పుకోకుండా రాసిన ఒక పిల్లి జీవితకథ అచ్చయింది. అందులో హీరో పేరు టామ్. ఆ పుస్తకం నుంచే గండుపిల్లికి "టామ్‌క్యాట్" అనే మాట వచ్చిందంటారు. జావా మిత్రులు ఈపాటికి నిటారుగా కూర్చుని ఉంటారు. అవును, మనం రోజూ రీస్టార్ట్ చేసే టామ్‌క్యాట్ సర్వరు పేరు కూడా అదే మాట. దానికి ఆ పేరు పెట్టిన జేమ్స్ డంకన్ డేవిడ్సన్, తన బతుకు తాను బతకగల జంతువు పేరు కావాలనుకుని దాన్ని ఎంచుకున్నాడట. (బతుకు తాను బతికే సర్వరో కాదో ప్రొడక్షన్ సపోర్టువాళ్లని అడగండి.) చెప్పొచ్చేదేంటంటే, అందరూ పెట్టే పేరు కొన్నాళ్లకి పేరుగా మిగలదు. మామూలు నామవాచకం అయిపోతుంది. మళ్లీ "పిల్లి" దగ్గరికే వచ్చినట్టు.

అందుకే వింత పేర్లు పెట్టినవాళ్లంటే నాకు గౌరవం. మార్క్ ట్వేన్ తన పిల్లులకి జొరాస్టర్, అపొలినారిస్, బ్లాదర్‌స్కైట్, బీల్జిబబ్ లాంటి నోరు తిరగని పేర్లు పెట్టాడు. ఎందుకయ్యా అంటే, ఇంట్లో పిల్లలకి పెద్ద పెద్ద మాటలు పలకడం అలవాటవుతుందని చెప్పాడు. ఆస్ట్రేలియా చుట్టూ ఓడలో తిరిగి పటం గీసిన మాథ్యూ ఫ్లిండర్స్ దగ్గర ట్రిమ్ అనే పిల్లి ఉండేది. 1799లో ఓడ మీదే పుట్టింది. ఒక నవలలోని నమ్మకమైన సేవకుడి పేరు దానికి పెట్టాడు. తర్వాత ఫ్రెంచివాళ్లు ఫ్లిండర్స్‌ని మారిషస్‌లో ఆరేళ్లకు పైగా నిర్బంధించారు. ట్రిమ్ అక్కడే మాయమైంది. ఆ నిర్బంధంలోనే, 1809లో, దాని మీద ఒక నివాళి రాశాడు. సిడ్నీలో ఫ్లిండర్స్ విగ్రహం వెనక కిటికీ గట్టు మీద ఇప్పుడు ట్రిమ్ కంచు విగ్రహం ఉంది.

మన ఇంజినీర్లకి దగ్గరి కథ ఇంకోటి. 1975లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో జాక్ హెదరింగ్టన్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక పేపరు రాశాడు. మొత్తం "మేము, మేము" అని టైపు చేశాడు. పంపే ముందు స్నేహితుడొకడు "రచయితవి నువ్వొక్కడివే, మేము అంటే ఆ పత్రికవాళ్లు తిప్పి పంపుతారు" అన్నాడు. అప్పట్లో ఫైండ్ అండ్ రీప్లేస్ లేదు కదా, మళ్లీ మొత్తం టైపు కొట్టాలి. ఆయన ఏం చేశాడంటే, తన సయామీ పిల్లి చెస్టర్‌ని రెండో రచయితగా చేర్చేశాడు. ఎఫ్.డి.సి. విల్లర్డ్ అని పేరు. ఎఫ్, డి అంటే పిల్లి శాస్త్రీయ నామం ఫెలిస్ డొమెస్టికస్, సి అంటే చెస్టర్, విల్లర్డ్ అనేది వాళ్ల నాన్నగారి పేరు, అంటే నాన్న పిల్లిది. పేపరు ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో అచ్చయింది. 1980లో ఒక ఫ్రెంచి పత్రికలో విల్లర్డ్ ఒక్కడి పేరు మీదే ఇంకో వ్యాసం వచ్చింది. ఇంటిపేరుతో సహా ఉన్న పిల్లి!

ఇప్పటిదాకా నవ్వుకునే కథలు. ఇక్కడ నుంచి కొంచెం కష్టం.

1963లో ఫ్రాన్స్ అంతరిక్షంలోకి పిల్లిని పంపాలనుకుంది. 14 ఆడపిల్లుల్ని తెచ్చి శిక్షణ ఇచ్చారు. తలలో ఎలక్ట్రోడ్లు అమర్చారు. ఒక్కదానికీ పేరు పెట్టలేదు. మర్చిపోయి కాదు, కావాలనే. పేరు పెడితే మమకారం పుడుతుందని, పుడితే చెయ్యాల్సిన పని చెయ్యలేమని. ఆ ఏడాది అక్టోబరు 18న అల్జీరియాలోని హమ్మగిర్ నుంచి రాకెట్ ఎక్కిన పిల్లిని కాగితాల మీద సి 341 అన్నారు. 150 కిలోమీటర్లకు పైగా ఎత్తుకి వెళ్లి, పదమూడు నిమిషాల్లో ప్రాణాలతో దిగింది. అప్పుడు పత్రికలవాళ్లు ఫెలిక్స్ అని పేరు పెట్టేశారు. ఆడపిల్లి కాబట్టి దాన్ని ఫెలిసెట్ అని మార్చారు. రెండు నెలల తర్వాత మెదడు పరీక్షించడానికి దాన్ని చంపేశారు.

ఆలోచించండి. పేరుకి బలమేమీ లేకపోతే, దాన్ని పెట్టకుండా ఉండాలని అంతమంది శాస్త్రవేత్తలు అంత జాగ్రత్త ఎందుకు పడ్డారు? పేరు పిల్లిలో ఏమీ మార్చదు. మనలో మారుస్తుంది. సి 341ని చంపడం తేలిక. ఫెలిసెట్‌ని చంపడం కష్టం. 2019లో స్ట్రాస్‌బర్గ్‌లో చందాలు పోగేసి దానికి విగ్రహం పెట్టారు. విగ్రహం ఫెలిసెట్‌కి పెట్టారు. మిగతా పదమూడింటినీ తలుచుకుందామన్నా ఏమని తలుచుకుంటాం?

ఈ మాట మనవాళ్లకి ఇంకో రూపంలో తెలుసు. క్లౌడ్ వచ్చిన కొత్తల్లో ఒక పోలిక బాగా చెలామణీ అయింది. పాతకాలం సర్వర్లు పెంపుడు జంతువులు, వాటికి పేర్లుంటాయి, జబ్బు చేస్తే కూర్చుని వైద్యం చేస్తాం. కొత్త సర్వర్లు మంద, వాటికి నంబర్లే ఉంటాయి, ఒకటి పాడైతే తీసేసి ఇంకోటి పెడతాం. సర్వర్ల విషయంలో ఇది మంచి సలహానే, రాత్రి రెండింటికి ఫోన్లు తగ్గాయి. కానీ పేరు తీసేసి నంబరు పెట్టడమంటే, "ఇది పోయినా ఫర్వాలేదు" అని ముందే రాసుకోవడమన్నమాట. ప్రాణమున్నవాటి విషయంలో ఆ అలవాటు రాకూడదు.

మా అపార్ట్‌మెంట్లో దీని చిన్న నమూనా చూశాను. జనరేటర్ షెడ్డు వెనక ఒక పిల్లి నాలుగు కూనల్ని పెట్టింది. మీటింగులో "ఆ పిల్లుల్ని గోనెసంచిలో వేసి ఊరి బయట వదిలేద్దాం" అని ఒకాయనంటే, అందరూ తలూపారు. అప్పుడు రెండో అంతస్తు పిల్లాడు "అంకుల్, లడ్డూని కూడానా?" అని అడిగాడు. లడ్డూ ఎవరంటే నాలుగింట్లో ఒకటి, పిల్లలు పెట్టుకున్న పేరు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆఖరికి ఒక్కో కూననీ ఒక్కో ఇల్లు తీసుకోవాలని, తల్లికి ఆపరేషన్ చేయించాలని తీర్మానం మారింది. వాదనలు ఏమీ మారలేదు. ఒక పేరు వినపడింది, అంతే.

మాకొచ్చింది ఆ నాలుగింట్లో నల్లది. ఒక చెవి మాత్రం తెలుపు. ఇక వేరే వెతకడమెందుకు, దధికర్ణుడు! మా ఆవిడ "మరీ అంత పొడుగా, పిలిచేలోపు పాలన్నీ తాగేస్తాడు" అంది. ఆ మాటా నిజమే. కంప్యూటర్లకి పేర్లు ఎలా పెట్టాలో 1990లోనే డాన్ లిబెస్ అనే ఆయన ఆర్‌ఎఫ్‌సీ 1178లో రాశాడు: పొడవు పేర్లొద్దు, స్పెల్లింగు వింతగా ఉండేవొద్దు, మీ సొంత పేరు పెట్టకండి, అరుదుగా వాడే మాటలు పెట్టండి. పిల్లులకీ అక్షరాలా సరిపోతుంది. అందుకని రికార్డుల్లో దధికర్ణుడు, ఇంట్లో దధి. మా అమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "పెరుగుగాడు తిన్నాడా?" అంటోంది.

"పేరు లేకపోతే గుర్తుండదా?" అని ఎవరైనా అడగొచ్చు. ఉంటుంది. దానికీ ఉదాహరణ ఉంది. జపాన్ రచయిత నత్సుమె సోసెకి 1905-06లో రాసిన "నేను పిల్లిని" అనే నవలలో కథ చెప్పే పిల్లికి చివరిదాకా పేరు ఉండదు. ఆ కథకి కారణమైన వాళ్లింటి పిల్లికి కూడా ఆయన పేరు పెట్టలేదు. 1908లో అది చచ్చిపోతే, మనుషులకి చేసినట్టే స్నేహితులకీ శిష్యులకీ మరణవార్త కార్డులు పంపాడు, పెరట్లో పూడ్చి గుర్తు పెట్టాడు. అంటే అసలు సంగతి పేరు కాదు, పట్టించుకోవడం. కాకపోతే సోసెకి నవల రాయగలడు, ఆయనకి పేరు అక్కర్లేదు. రాయలేని మనలాంటివాళ్లకి పేరే నవల. రెండు మూడు అక్షరాల్లో, పైసా ఖర్చు లేకుండా.

కాబట్టి మీ ఇంటికి పిల్లికూన వస్తే తొందరపడి కిట్టీ అనెయ్యకండి. ఒక వారం దాన్ని చూడండి. దాని చెవో, తోకో, దొంగబుద్ధో, ఏదో ఒకటి దానికి మాత్రమే ఉంటుంది. అది కనపడ్డాక మన కథల్లోంచో, మీ ఊరి మాటల్లోంచో ఒక పేరు తీసి పెట్టండి. అది పలుకుతుందా లేదా అన్నది తర్వాత సంగతి. ముందు మీరు పిలవండి.